రంగనాయకులు డబ్బా

"నీకు అరువు లేదమ్మా. డబ్బులుంటే రా."

రంగనాయకులు తక్కెడ మీది నుంచి కళ్ళెత్తకుండానే అన్నాడు.

కాంతమ్మ అడిగింది అరకేజీ కందిపప్పు. మొగుడు శాలేమురాజు భూస్థాపన అయి అది నాలుగో రోజు.

చుండూరు సెంటర్లో ఆ కొట్టు ముందు నాట్ల ముఠా ఆడవాళ్ళు ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. ఎనిమిది మందికీ అరువిచ్చాడు. ఎవరి పుస్తకంలో వాళ్ళకు రాశాడు. కాంతమ్మనొక్కదాన్నే ఉత్త చేతులతో తిప్పి పంపాడు.

ఆమె అనాల్సిన మాట దాచుకుంది.

శాలేమురాజు తాగాడు, తిరిగాడు, కామెర్లతో పోయాడు. కానీ ఎవరికీ రూపాయి బాకీ పెట్టి పోలేదు. పోయాక గడప తొక్కి బాకీ అడిగినవాడు ఒక్కడు లేడు. అలాంటి ఇంటికి అరువు లేదంటాడా? అదే ఆమె కడుపుమంట.

మర్నాడు బియ్యం కడగబోతూ అలవాటుగా పిడికెడు తీసి గుడి డబ్బాలో పోసింది. వాళ్ళ పేటలో ఇంటింటా ఉన్నదే, దేవుడి పిడికిలి. కాస్త ఆగి, ఇంకో పిడికెడు తీసి పాత పాల డబ్బాలో పోసింది.

"ఇదెవరికే?" అంది అత్త కృపమ్మ.

"రంగనాయకులుకి."

నెల తిరిగేసరికి ఆ డబ్బాలో మూడు కేజీలు పోగయ్యాయి. కూలి డబ్బులు చేతికందేదాకా వాటితోనే పొయ్యి వెలిగింది. పప్పు లేని రోజు గోంగూర, గోంగూర లేని రోజు పచ్చిమిరపకాయ. వాయిదాల చీరలవాడిని గుమ్మం ఎక్కనివ్వలేదు.

అంతటితో పగ చల్లారలేదు. ముఠాలో ఒక్కొక్కరి చేతా ఒక్కో డబ్బా పెట్టించింది. రేపల్లె వైపు నాట్లకు పోయినా గట్టు మీద సద్ది తింటూ ఆమె మాట అదే. రెండేళ్ళకు పదకొండు ఇళ్ళలో రంగనాయకులు డబ్బాలు వెలిశాయి. నీ రంగనాయకులు నిండాడా అని ఒకళ్ళనొకళ్ళు అడిగి నవ్వుకునేవాళ్ళు.

ప్రతి ఒకటో తారీఖునా అందరూ ఒకే ఆటోలో ఇరుక్కుని తెనాలి పోయేవాళ్ళు. హోల్‌సేల్ కొట్లో రొక్కం పెట్టి నెల సరుకులు తెచ్చుకునేవాళ్ళు. తిరిగొస్తూ సెంటర్లోకి రాగానే కాంతమ్మ డ్రైవరు భుజం తట్టేది.

"ఇక్కడ నెమ్మదిగా పోనియ్, తమ్ముడూ."

రంగనాయకులు కళ్ళజోడు ఎత్తి ఆటోలోకి చూసేవాడు. కాంతమ్మ సంచి బాగా కనపడేలా ఎత్తి పట్టుకునేది.

కొట్లో అరలు ఒక్కొక్కటే బోసిపోయాయి. తొమ్మిదో ఏట తలుపులు పడ్డాయి.

భార్యను తీసుకుని బాపట్లలో కూతురు హిమబిందు ఇంటికి వెళ్ళిపోయాడని తెలిసిన రోజు ముఠా అంతా మిఠాయి పంచుకుంది. కాంతమ్మకు మాత్రం ఆ తీపి గొంతు దిగలేదు. మాట మిగిలిపోయింది, మనిషి చేజారిపోయాడు.

ఆ వేసవిలోనే రెండు గదులకు శ్లాబు వేయించింది. తాపీ మేస్త్రీకి చివరి రూపాయి ఇచ్చేసిన మర్నాడు, అరకేజీ కందిపప్పు పొట్లం సంచిలో పెట్టుకుని బాపట్ల పాసింజరు ఎక్కింది.

పొట్లం అతని ఒళ్ళో పెట్టాలి. నాకు అరువు లేదన్నారుగా, ఇదిగో, నేను మీకు అరువిస్తున్నా, ఉంచుకోండి అనాలి. రైలు నిడుబ్రోలు దాటేసరికి నాలుగుసార్లు అనుకుని చూసుకుంది. ప్రతిసారీ ఇంకాస్త కారంగా వచ్చింది.

తలుపు తీసింది రంగనాయకులు భార్య నిర్మల. నుదుట బొట్టు లేదు.

"ఆయన పోయి నెలైందమ్మా," అంది, అడక్కముందే.

కాంతమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. అయినా తొమ్మిదేళ్ళు మేపిన పగ ఊరికే వెనక్కి తిరుగుతుందా? పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"అరకేజీ కందిపప్పండి. మీ ఆయనకు అప్పజెబుదామని వచ్చా."

నిర్మల ఆ పొట్లం వంక చూసి పైట చెంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎవరు చెప్పారమ్మా నీకు? ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారే."

"ఏంటండి చెప్పేది?"

తెలిసే వచ్చావనుకున్నానని నిర్మల నాలిక్కరుచుకుంది. మనిషే లేనప్పుడు ఇంక ఒట్టెందుకులే అని, కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

ప్రతి ఒకటో తారీఖునా ఆయన అన్నానికి కూర్చుంటూ ఆటోలో ఎంతమంది ఉన్నారో చెప్పేవాడట. పదకొండు మందిని లెక్కపెట్టిన రోజు మారు వడ్డించమన్నాడట. కొట్టు పోతోందని ఆమె ఏడిస్తే, పోనీలే, అరువు పుస్తకాలు కూడా పోతున్నాయిగా అన్నాడట.

"మరి ఆ రోజు నాకొక్కదానికే ఎందుకండి అరువు లేదన్నారు?"

నిర్మల పొట్లాన్ని రెండు చేతులా దగ్గరకు తీసుకుంది.

"మీ శాలేమురాజు పేరున ఇరవై రెండు వేల ఏడొందల బాకీ ఉన్న పుస్తకాన్ని, అతన్ని మట్టి చేసిన సాయంత్రమే మా పొయ్యిలో పెట్టేసి, తిట్టుకుంటే తిట్టుకోనీ, ఆ ఇంటికి ఇంకో పుస్తకం మాత్రం తెరవనన్నారమ్మా."