ఖాళీ బెంచీలు

"సార్, ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు," అంది రిసెప్షన్ అమ్మాయి.

ఎడిటర్ తల తిప్పలేదు. "ఏం కావాలట?"

"పాత ఫుట్‌బాల్ మ్యాచ్ ఏదో ఒకటి వేయమంటున్నాడు. గొంతు పెగలడం లేదు సార్. ఆయన మాట వినాలంటే మొహంలో మొహం పెట్టాలి."

"చానెల్ మూసేస్తున్నారనగానే అందరికీ ప్రేమ పొంగుకొస్తోంది. కూర్చోమను. విసుగొచ్చి ఆయనే పోతాడు."

ఆదివారంతో ప్రసారాలు ఆగిపోతాయి. చుట్టుపక్కల ఆటలు చూపించడానికి పుట్టిన చానెల్ అది. ఒక గోడౌన్ మీద రెండు గదులు, ఒక్క కెమెరాతో మొదలైంది. కొత్త టేపులు కొనలేక ఒక మ్యాచ్ మీదే ఇంకో మ్యాచ్ రికార్డు చేసేవారు. నిన్న గెలిచినవాళ్లని ఇవాళ గెలిచినవాళ్లు చెరిపేసేవారు. తర్వాత పెద్ద కంపెనీ కొన్నది, పెద్ద భవనం వచ్చింది. ఇప్పుడు ఆ కంపెనీకే బరువైంది. ఈ చరిత్రంతా చెప్పే చివరి కార్యక్రమాన్ని ఎడిటర్ నెత్తిన పెట్టారు.

ఎలా మొదలుపెట్టాలో అతనికి తోచలేదు. ఎలా ముగించాలో మాత్రం ఎప్పుడో తెలుసు.

చెరిగిపోకుండా మిగిలిన కాసిని టేపుల్లో ఒకదాంట్లో అతనున్నాడు. స్కూలు జట్ల ఫైనల్. సన్నకాళ్ల కుర్రాడొకడు గోల్ కొడతాడు. హోరు లేస్తుంది. ఆ హోరుని చీల్చుకుంటూ ఒక మగ గొంతు:

"అదీ దెబ్బ! శభాష్‌రా నాన్నా!"

ఆడుతున్నప్పుడు బంతి తప్ప ఇంకేదీ ఆ కుర్రాడి కంటికీ, చెవికీ ఆనలేదు. ఆ మ్యాచ్ మర్నాడు టీవీలో వేశారు. "ఒరేయ్, మీ నాన్న గొంతే! నీకు చెప్పకుండా వచ్చుంటారు," అంది అమ్మ. వెళ్లి అడిగితే నాన్న ఔననలేదు, కాదనలేదు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఆ మనిషి బతికినన్నాళ్లూ కొడుకుని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అదీ గుంపులో దాక్కుని. ఆ ఒక్క మాట పట్టుకునే కొడుకు పెద్దవాడయ్యాడు. ఆ గొంతు ఉన్న చోటే ఉద్యోగం వెతుక్కున్నాడు. నాన్న పోయినప్పుడు అందరి ముందూ ఏడవలేదు. గది తలుపేసుకుని ఆ టేపు పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఎడిటింగ్ గది దగ్గర అలికిడైంది. మెడకి మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన ఏకంగా గుమ్మంలోకే వచ్చేశాడు.

"ఒక్కసారి వినిపిస్తే చాలు బాబూ."

గాలి తప్ప మాట లేని గొంతు.

"వినడమేంటండీ? మ్యాచ్ ఎవరైనా చూస్తారు గానీ."

"నాకు వినడమే కావాలి."

"మీవాళ్లెవరైనా ఆడారా?"

"అందరూ మావాళ్లే."

"ఏ జట్టు?"

"రెండూ."

"భలే! ఓడిపోయే బాధే లేదు మీకు," అని లేచాడు ఎడిటర్. "నాకు తల తిప్పుకునే తీరిక లేదు పెద్దాయనా. ఆదివారం ఇంట్లో కూర్చుని హాయిగా వినండి."

"ఆదివారం దాకా..."

మిగతాది దగ్గులో కలిసిపోయింది. ఎడిటర్ అద్దం తలుపు దగ్గరికి వేసి, మళ్లీ ఆ గోల్ పెట్టుకున్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. హోరు తలుపు సందులోంచి నడవాలోకి పోతోంది.

ఎందుకో ఇటు చూస్తే ఆయన ఇంకా అద్దానికి ఆనుకునే ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు కదులుతున్నాయి. అదీ దెబ్బ. శభాష్‌రా నాన్నా.

తన సొంతమైనదాన్ని ఎవరో నోట్లో వేసుకుని నమిలినట్టు ఒళ్లు మండింది ఎడిటర్‌కి. కర్టెన్ లాగేశాడు.

శనివారం సౌండ్ పని చూసే అక్క సెలవు నుంచి వచ్చింది. గోడౌన్ రోజుల నుంచీ ఉన్నవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే.

"అక్కా, హోరు తగ్గించి ఈ ఒక్క గొంతూ పైకి లేపు. కార్యక్రమం దీంతోనే ముగుస్తుంది. మా నాన్న."

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది. వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నది.

"మీ నాన్న అని ఎవరన్నారు?"

"అమ్మ. ఏం?"

"అప్పట్లో మ్యాచ్‌లకి జనం ఎక్కడ వచ్చి చచ్చారురా? బెంచీల మీద కుక్కలు పడుకునేవి. ఖాళీ స్టేడియం చూపిస్తే ప్రకటనలు రావని, ఒకాయన్ని పిలిపించి మా గదిలోనే అరిపించాం. ఒక్కడే అంత జనమూ అయ్యాడు. ఆ అరుపులే అన్ని మ్యాచ్‌లకీ అతికించేవాళ్లం. ఎవరు గోల్ కొట్టినా ఆయనే శభాష్ అనేవాడు. బయటికి పొక్కకూడదని మా చేత ఒట్టు వేయించారు. ఇంక దాచి ఎవర్ని ఉద్ధరించాలి?"

ఎడిటర్ నవ్వబోయాడు. మొహం సహకరించలేదు.

"ఆపరేషన్‌లో ఆయన గొంతు పోయింది. నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తులేదమ్మా అన్నాడు మొన్న ఫోన్లో. ఆఖరి వారం కదా, వెళ్లి వినమని నేనే చెప్పా. మెడకి మఫ్లర్ ఉంటుంది. రాలేదా?"

అతను కర్టెన్ వైపు చూశాడు. అది నిన్న లాగింది లాగినట్టే ఉంది.

ఆమె ఫోన్ చేసింది. "నేనమ్మా. మీ మామగారున్నారా?"

విన్నది. "ఎప్పుడు?" అని మాత్రం అడిగి, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది.

అతని చేయి అలవాటుకొద్దీ మీట నొక్కింది. సన్నకాళ్ల కుర్రాడు గోల్ కొట్టి, బెంచీల వైపు చేతులెత్తి పరుగెత్తాడు. బెంచీలు కెమెరాకి అందలేదు.

హోరు లేచింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి: అద్దం అవతల ఆ పెదవులు నాన్న మాటల వెంట కదల్లేదు, ప్రతిసారీ వాటికంటే లిప్తపాటు ముందే తెరుచుకున్నాయి.