వినే మనిషి

"ఈ లెక్క నిజమేనా కోటేశ్వర్ గారూ?"

తనిఖీకి వచ్చిన మధులత మేడమ్ కాగితం మీద వేలు ఆనించి అడిగింది. ఆత్మకూరులోని ఆ బడిలో అయిదో తరగతి పిల్లలు ముప్పై మంది. నిరుడు వాళ్ళలో ఒక పేరా చదవగలిగింది తొమ్మిది మందే. ఈ ఏడు ఇరవై ఆరు. జిల్లాలో ఇంకే బడిలోనూ ఇంత పెరగలేదు. అందుకే ఆఫీసులో అనుమానం వచ్చింది.

"నిజమే మేడమ్. ఒక్కొక్కర్నీ పిలిచి చదివించినాను."

"పాఠం బట్టీ పట్టించి ఉంటారు."

కోటేశ్వర్ మొహం చిన్నబోయింది. "మీరే చూసుకోండి. తప్పని తేలితే మెమో ఇచ్చేయండి."

మధులత బ్యాగులోంచి ఆ పొద్దుటి పేపరు తీసింది. దాన్ని బట్టీ పట్టించే వీల్లేదు. ముందు వరసలో ఉన్న జెస్సీని పిలిచింది. నిరుడు పరీక్ష పెట్టిందీ ఆమే. అప్పుడీ పిల్ల రెండో మాట దగ్గర తడబడితే, ఇంకా చాలామంది ఉన్నారన్న తొందరలో "ఊఁ, తర్వాత?" అని గద్దించింది. అంతే, పిల్ల ఏడ్చేసింది. మళ్ళీ నోరు తెరవలేదు.

జెస్సీ పేపరు అందుకుంది. సంగం బ్యారేజీకి నీళ్ళొచ్చిన వార్త. 'ప్రవాహం' దగ్గర ఆగి, కూడబలుక్కుని, మళ్ళీ అందుకుని చివరిదాకా చదివేసింది. తర్వాత ఇంకో పదిమంది చదివారు. ఒక్కరూ బెదరలేదు.

మధులత పేపరు మడిచింది. "మిమ్మల్ని అనవసరంగా అనుమానించాను మాస్టారూ. ఇంతకీ ఏం చేశారు?"

కోటేశ్వర్ తల గోక్కున్నాడు. "నేను కొత్తగా చేసిందేం లేదు మేడమ్. అడిగితే మునెయ్య తాత అంటారు పిల్లోళ్ళు. నేనాయనతో ఒక్క మాట గూడా మాట్లాడింది లేదు. బెల్లు కొట్టంగానే ఉదయగిరి బస్సుకి పరిగెత్తాల గదా."

పిల్లలు గోలగోలగా చెప్పారు. మునెయ్య చెరువులో చేపలు పట్టే ముసలాయన. సాయంత్రం బడి గేటు పక్కన నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటాడు. కూలికి పోయిన అమ్మానాయనలు వచ్చేదాకా పిల్లలు ఆయన దగ్గరే ఉంటారు. వంతులేసుకుని కథలు చదువుతారు.

"తప్పు చదివితే?"

"ఏమీ అనడు మేడమ్."

"మధ్యలో ఆగిపోతే?"

"మా మొహమే చూస్తా ఉంటాడు. మళ్ళీ చదివేదాకా కదలడు."

"అయిపోతే?"

"నవ్వి, ఇంకోటి చదవమంటాడు!"

మధులత బడి వదిలేదాకా ఉండిపోయింది. కోటేశ్వర్ కూడా ఆ రోజుకి బస్సు వదులుకున్నాడు.

గేటు పక్కన మునెయ్య ఒళ్ళో వల పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా జెస్సీ చదువుతోంది. ఆయన చేతులు వల అల్లుతున్నాయిగానీ కళ్ళు ఆ పిల్ల పెదాల మీదే ఉన్నాయి.

"నమస్కారం పెద్దాయనా," వెనకనుంచి పలకరించింది మధులత.

ఆయన తల కూడా తిప్పలేదు.

'ఎంత శ్రద్ధ!' అనుకుందామె. నిరుడు తాను గద్దించిన గొంతు గుర్తొచ్చి సిగ్గేసింది. అక్కడే నిలబడి రిపోర్టులో రాసింది: 'ఓపిగ్గా వినే మనిషి ఒక్కరుంటే చాలు, ఏ బిడ్డయినా చదువుతుంది. ప్రతి బడికీ ఇలాంటి వారిని వెతకాలి.'

కోటేశ్వర్ తొంగిచూసి మురిసిపోయాడు.

కథ అయిపోయింది. మునెయ్య బోసినోటితో నవ్వాడు. "ఇంకోటి చదువు బంగారూ!"

మధులత వెళ్ళి జెస్సీ పక్కన మట్టిలోనే కూర్చుంది. "నా దగ్గర అంత ఏడ్చావు కదమ్మా. తాత దగ్గర భయం వెయ్యలేదా?"

జెస్సీ ఆమె వంక వింతగా చూసింది.

"తాతకు చెవుడు గదా మేడమ్!"