నడక లేని రోజు

"లెయ్యి, పోదాం. లేకుంటే నేనొక్కన్నే పోతా," అంటూ మా ఆయన మూడోసారి లేచాడు.

ఎమ్మిగనూరు నుంచి ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి నడిచిపోతున్న మా నేతగాళ్ల గుంపు, దర్శనం సోమవారమని ఆదివారమంతా కాలువ గట్టున ఆగిపోయింది.

"కూసో. పెండ్లయినకాడ్నుంచి మనం ఎదురెదురుగా కూసున్నదే లేదు," అన్నాను.

"దినామూ ఒగే ఇంట్లో ఉంటాం గదమ్మే."

"ఉంటాం. నువ్వు మగ్గం గుంతలో, నేను నీ ఈపు ఎనక రాట్నం కాడ."

ఆయన విసుగ్గా తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ నా వైపు చూసి, అట్లాగే నిలబడిపోయాడు.

"నీ తల ఎప్పుడు నెరిసింది?"

"ఏడేండ్లాయ."

గుడ్డ మళ్లీ పరుచుకుని నాకెదురుగా కూర్చున్నాడు. నాకే సిగ్గేసి కొంగు తలమీదికి లాక్కోబోయాను.

"ఉండనీ," అన్నాడు. "సూడనీ."