అచ్చు లేని మాట

వెంకటసుబ్బారావు దగ్గర గెలిచే మాట ఉంది. ఉన్నా బల్ల మీద పెట్టలేదు.

"ఓర్ట్" అన్నది ఆ మాట. తిని వదిలేసిన మెతుకు అని అర్థం. మూడు చెక్క బిళ్ళలూ చేతిలో ఉన్నాయి, పెట్టే చోటూ ఉంది. పెడితే ఎదురుగా కూర్చున్న చక్కెర మిల్లు కేన్ ఆఫీసరు ఆత్మారాం ఓడిపోతాడు. ఆయన ఓడిపోతే చెరకు కటింగ్ ఆర్డరు ఇంకా వెనక్కి పోతుంది. అందుకని "టు" అని రెండక్షరాలు పెట్టి ఊరుకున్నాడు.

"ఏం బీఏ చదివిన్రండి మీరు? టు, గో తప్ప ఇంకోటి రాదా?" అన్నాడు ఆత్మారాం హుషారుగా.

"చదివిందంతా మళ్ళు దున్నడంలో పోయిందండి."

అది ఇంగ్లీషు మాటలు కట్టే ఆట. ఆత్మారాం బావమరిది బొంబాయి నుంచి తెచ్చిపెట్టాడు. బంగళాలో ఆట ఉంది, దిండంత డిక్షనరీ ఉంది, ఆడే మనిషే లేడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి రుద్రూర్ పక్కన కాలవ కింద భూమి కొనుక్కున్న ఈ రైతు బందరులో బీఏ చదివాడని తెలిశాక ఆత్మారాం పంట పండింది. ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం పిలుపే.

సుబ్బారావు పంట మాత్రం పొలంలోనే ఎండుతోంది. చెరకు పూత వేసింది. గడలు బెండు బారుతున్నాయి. మిల్లు ఆర్డరు లేనిదే నరకడానికి లేదు. బెల్లం వండుకుందామంటే దగ్గర్లో గానుగ లేదు. ఉగాదికి మిల్లు ఆగిపోతుంది, ఆ తర్వాత ఆ చెరకు పొయ్యిలోకే. మొగుడూ పెళ్ళాల ఏడాది తిండి ఆ తోటలోనే ఉంది.

"ఆర్డరండీ..." అని నసిగితే, "వచ్చే ఆదివారం చూద్దాం. ఆటకు మాత్రం తప్పక రావాలె" అనేవాడు ఆత్మారాం. ఆర్డరు ఇచ్చేస్తే ఈ మనిషి మళ్ళీ గేటు తొక్కుతాడా అని ఆయన భయం కాబోలు. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, మనమెంత అనుకుని సుబ్బారావు వారం వారం ఓడిపోతూ వచ్చాడు.

పక్క చేను ముత్తన్నకు ఆ ఆశ కూడా లేకుండా పోయింది. మాఘంలో అతని చెరకు అంటుకుంది. కాలిన చెరకు నిలవ ఉండదు కాబట్టి మిల్లు దానికి ముందు వంతు ఇస్తుంది. ముత్తన్న బంగళాకు పరుగెత్తుకొచ్చాడు.

"అంటుకున్నప్పుడు నువ్వు ఏడున్నవ్?" అనడిగాడు ఆత్మారాం.

"చేన్లనే ఉన్న సారూ. ఎవడో బీడీ తాగి పారేసిండు."

"ఎవడో కాదు, నువ్వే. ఆర్డర్ కోసం అంటుపెట్టుకున్నవ్."

ముత్తన్న కాళ్ళ మీద పడ్డాడు. అయినా మిల్లు ఒక్క గడ తీసుకోలేదు. అతని చేను బూడిదతో అలాగే పడి ఉంది.

ఉగాది ముందు ఆదివారం సుబ్బారావు మనిషే మారిపోయి వచ్చాడు. కూర్చుంటూనే సీ, డబ్ల్యూ, ఎమ్ వరసగా పెట్టాడు.

"ఇదేం మాటండి? అచ్చు లేకుంట మాట ఉంటదా?"

"కూమ్ అంటారండి. కొండల్లో లోయ."

ఆత్మారాం కళ్ళద్దాలు పెట్టుకుని డిక్షనరీ తిరగేశాడు. ఉంది. మొహం మాడిపోయింది.

తర్వాత "ఎస్నీ" పెట్టాడు. "వెనకటికి ఇంగ్లండులో వెట్టివాడండి." మళ్ళీ డిక్షనరీ. ఆ తర్వాత "జాక్స్". "ఇంటి కప్పుకు రాతిపలకలు కోసే పనిముట్టండి." మళ్ళీ డిక్షనరీ. ఇన్నాళ్ళూ మింగిన మాటలన్నీ ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాడు. చూపు మాత్రం మాటిమాటికీ కాలవ వైపు పోతోంది.

ఎప్పుడూ గంటలో తేలిపోయే ఆట మిల్లు సైరన్ కూసినా తెమల్లేదు. చివరికి ఆత్మారాం ఓడిపోయాడు.

"ఇగ మీ ఆర్డర్ సంగతి మర్చిపొండి" అంటూ బిళ్ళలు డబ్బాలో పోయబోయాడు.

సుబ్బారావు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకొక్క ఆటండి. మీకు పుణ్యముంటుంది, కూర్చోండి."

గెలిచినవాడు బతిమాలడం ఆత్మారాం ఎన్నడూ చూడలేదు. మెత్తబడి కూర్చున్నాడు.

రెండో ఆట సగంలో ఉండగా ముత్తన్న గేటు దగ్గర సైకిలు పడేసి పరుగెత్తుకొచ్చాడు.

"సుబ్బారావు సాబ్! మీ చెర్కు అంటుకున్నది! గా పొగ సూడుండ్రి!"

కాలవ వైపు ఆకాశం నల్లగా ఉంది. సుబ్బారావు ముత్తన్న వైపు తిరిగాడు.

"మా ఆవిడ?"

"అమ్మ మంచిగనే ఉన్నది. మంట ఆర్పబోయిందేమో, చెయ్యి కాలింది."

సుబ్బారావు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. బిళ్ళలన్నీ చెదిరి కింద పడ్డాయి. ఎదిగిన మగవాడు అలా ఏడుస్తుంటే చూడ్డం ఎవరికైనా కష్టమే. ఆత్మారాం అక్కడే కాగితం తీసి ఆర్డరు రాసిచ్చాడు.

"ఎవడన్న అడిగితే నేనే గవాయి. మంట లేసినప్పుడు ఈయన నా ఎదురుగనే కూసొని ఉన్నడు" అన్నాడు.

పొద్దుగూకేలోపే కూలీలు తోటలో దిగారు. కాలిన చెరకుకు ధర సగమే. సగమైనా ఆ ఏటికి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

సుబ్బారావు భార్య సుబ్బరత్నం వసారాలో గోడకు చేరబడి కూర్చుంది. అరచెయ్యంతా బొబ్బలు. సుబ్బారావు పక్కన కూర్చుని వెన్న రాశాడు.

"గట్టు మీద నిలబడి అంటించమన్నాను కదే, లోపలికెందుకు వెళ్ళావు?" అన్నాడు.