పిలిచి పెట్టని బువ్వ

మడుగు గట్టున ముసలి తాబేలమ్మ బూరెగాడనే కుక్కపిల్లను సాకుతుండేది. ఆమెకు పట్టింపులు జాస్తి. ఎవరైనా ఒక మాట అంటే చచ్చేదాకా మరిచిపోదు. ఒకసారి అవతలి మడుగులో చెల్లెలి కూతురి పెళ్లికి పోతూ, కుక్కపిల్లను నెమలి నడిపే విడిదిలో దింపింది.

"మావాడికి పిలిచి పెట్టాలి సుమా," అంది.

"మా విడిదికి వంక పెట్టినవాళ్లు లేరు పిన్నీ," అని నెమలి పురి విప్పింది.

పెళ్లి చూసుకుని వచ్చేసరికి బూరెగాడి డొక్కలు లోపలికి పోయాయి. ముందున్న మూకుడులో పెరుగన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"వేళకు పెట్టాను. తినకపోతే బతిమాలతామా?" అంది నెమలి.

"పిలిచావా?"

"కుక్కకు పిలుపేమిటి!"

"పిలవనిచోట తినకూడదని నేనే నేర్పాను. ఇక నీ గడప తొక్కితే ఒట్టు!" అని తాబేలమ్మ పిల్లను వెంటబెట్టుకుని వచ్చేసింది.

ఇంట్లో మూకుడులో బువ్వ కలిపి, "తిందువుగాని రా నాన్నా," అంది. బూరెగాడు ఆవురావురుమంటూ మూతి పెట్టబోయి, ఆమె వాడిన ముఖం చూసి ఆగాడు.

"అమ్మమ్మా, పెళ్లింట నిన్ను భోజనానికి పిలిచారా?"

తాబేలమ్మ తల డిప్పలోకి లాక్కుంది.

బూరెగాడు మూకుడును ముక్కుతో ఆమె ముందుకు నెట్టి, "నువ్వూ తిందువుగాని రా అమ్మమ్మా," అన్నాడు.

తల మెల్లగా బయటికి వచ్చింది.