మూడు లైన్ల మీద ఒక్క మాట

"కాల్మొక్త సారూ, నాలుగింటి లోపల్నే కావాల్నన్నరు" అంటూ కట్టయ్య కిటికీ ఊచల్లోంచి డాక్టరు చీటీ లోపలికి అందించాడు. కాన్పయ్యాక అతని భార్య మొగిలమ్మకు నెత్తురు ఆగడం లేదు. ఆమె గ్రూపు ఓ నెగటివ్. నూటికి ఇద్దరు ముగ్గురికి ఉంటే గొప్ప. దవాఖానలో చుక్క లేదు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో దూరపు ఊళ్ల కాల్స్ కలిపే ట్రంకు ఆపరేటరు వెంకట్రాజం గడియారం చూశాడు. పన్నెండున్నర.

"మీ ఫోన్లు దేశమంత పోతయట గద సారూ. ఎవలినన్న అడుగుండ్రి."

పోతాయి, కానీ ఎవరి కంచె వాళ్లది. రైల్వేవాళ్ల లైను వాళ్లదే, బొగ్గు గనులవాళ్లది వాళ్లదే, ములుగు అడవి ఊళ్లకు పోలీసు వైర్‌లెస్సే దిక్కు. ఒక్కొక్కరినీ బతిమాలుతూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. మూడింటినీ తన బోర్డు మీద కలిపేస్తే ఒక్కసారి చెప్పిన మాట అందరికీ చేరుతుంది. అది రూల్సుకు విరుద్ధం, సూపర్‌వైజరు కిషన్ రావు కంటబడితే మాత్రం ఉద్యోగానికి నీళ్లొదులుకోవాలి.

వెంకట్రాజం తెగించాడు.

"చెల్లె, జర ములుగు లైను నాకియ్యవా?" అని పక్క బోర్డు సుగుణను అడిగాడు.

"ఎందుకన్నా?"

"అడగకు. తెలిస్తె నీ నౌకరి గూడ పోతది."

ఆమె తీగ తగిలించి, హెడ్‌ఫోను సర్దుకుని తన కాల్స్‌లో పడిపోయింది. వెంకట్రాజం మౌత్‌పీసుకు పెదవులు ఆనించి, పక్కవాళ్లకు వినబడనంత సన్నగా ఒక్కసారే చెప్పాడు. రైల్వే కంట్రోలు, గనుల ఎక్స్ఛేంజి, ములుగు ఠాణా ముగ్గురూ విన్నారు. ఎవరి స్టేషన్లకు వాళ్లు పంపారు. గంటలో ఆ మాట అడవి దాకా పోయింది. ఇంత పని తన చేతుల మీద జరిగినందుకు అతనికి లోలోపల గర్వంగా కూడా ఉంది.

జవాబులు రెండింటికి మొదలయ్యాయి. రైల్వేలో ఒకడున్నాడు, కామెర్లతో మంచం పట్టాడు. గనిలో ఒకడున్నాడు, వాడు పైకి వచ్చేసరికి ఐదవుతుంది. ములుగులో ఫారెస్టు గార్డు ఒకడు అప్పటికప్పుడు జీపెక్కాడు. మూడింటికి ఆ జీపు దారిలో చెడిపోయిందని కబురొచ్చింది.

మూడూ నలభైకి దవాఖాన నుంచి ఫోను. వెంకట్రాజం విని, కాళ్లీడ్చుకుంటూ కిటికీ దగ్గరికి పోయాడు. అతని మొహం చూడగానే కట్టయ్యకు అర్థమైపోయింది.

"మీరైతె మస్తు తిప్పలు పడ్డరు సారూ" అన్నాడు. "పసిగుడ్డు పాలకు ఏడుస్తాంది. పోతా."

ఆ వెళ్లడం చూస్తుంటే వెంకట్రాజానికి దుఃఖం ఆగలేదు. ఇంత పెద్ద జిల్లాలో ఒక్క మనిషి దొరక్కపోయాడే అని కుమిలిపోయాడు.

డ్యూటీ అయిపోయి సుగుణ హెడ్‌ఫోను తీసి లేచింది. అతని కళ్లు చూసి భయపడింది.

"ఏమైందన్నా?"

ఇక దాచేదేముంది? అంతా చెప్పాడు.

"ఏ గ్రూపు?"

"ఓ నెగటివ్."

ఆమె కుర్చీ చేయి పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"నాది గదేనన్నా."