నడక గోలీ

వికారాబాద్ ఆస్పత్రిలో గొర్రెల కాపరి బిచ్చయ్య ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. డాక్టర్ భవ్యశ్రీ చప్పట్లు కొట్టింది.

కిడ్నీ జబ్బుతో కాళ్ల కండ కరిగిపోయి, మొన్న ఎండాకాలం కోడలి భుజం పట్టుకుని వచ్చిన మనిషి! నడవకపోయినా నడిచినంత బలమిస్తాయేమో చూద్దామని, ఇంకా పరీక్షలో ఉన్న గోలీలు అప్పుడు భవ్యశ్రీయే ఇచ్చింది.

“గోలీలు మంచిగ పనిచేసినయి గదా, తాతా?”

“మస్తు పనిచేసినయి బిడ్డా!”

“రోజూ మర్చిపోకుండ వేసుకున్నవా?”

బిచ్చయ్య తల గోక్కున్నాడు.

“కొత్త మందు ఏదైనా ముందుగాల మా ముసలి పొట్టేలుకు ఏసి చూస్త. మూలకు పడ్డది కాస్త లేసి నిలబడ్డది. ఇగ అన్నీ దానికే ఏసిన. గిప్పుడది తాండూరు తొవ్వ పట్టి ఉరుకుతది. పట్టుకొచ్చేటందుకు మొదట్ల కట్టె పట్టుకొని నడిచిన, గిప్పుడు నేను గూడ ఉరుకుతున్న!”